మన పేర్లను ‘చెల్లదు’ అనే ఫామ్: జాంగో అడ్మిన్‌లో తనిఖీలు మనమే రాసుకోవడం ఎలా?

‘ప్లీజ్ ఎంటర్ ఎ వ్యాలిడ్ నేమ్’ అని ఎర్ర అక్షరాలు రావడం మన ఇళ్లల్లో కొత్త సంగతేం కాదు. కాలేజీ అడ్మిషన్ కావచ్చు, స్కాలర్‌షిప్ కావచ్చు, పాస్‌పోర్టు కావచ్చు. పేరు ముందు ‘ఎం.డి.’ ఉంటే ఆ చుక్కలు ఒప్పుకోదు. ‘షేక్’ను ఫస్ట్ నేమ్‌లో వేయాలా, లాస్ట్ నేమ్‌లో వేయాలా అని నెట్ సెంటర్ అబ్బాయి మనల్నే అడుగుతాడు. ‘ఖాజాబీ’ అని ఒకే మాట పేరున్న నానమ్మకు లాస్ట్ నేమ్ గడి ఖాళీగా వదిలితే ఫామ్ ముందుకు కదలదు. చివరికి ఆ గడిలో ఒక చుక్కో, ‘ఎన్ఏ’ అనో, లేకపోతే అదే పేరు రెండోసారో కొట్టి సబ్మిట్ చేస్తారు. ఆ రోజుకు పని అయిపోతుంది. నాలుగేళ్ల తర్వాత ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంకో పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో మూడో పేరు అని తేలుతుంది.

ఆ ఎర్ర అక్షరాలు కంప్యూటర్ తనంతట తాను పుట్టించినవి కావు. పేరంటే ఇంగ్లీషు అక్షరాలే ఉండాలి, రెండు ముక్కలు ఉండాలి, చుక్క ఉండకూడదు అని ఎక్కడో ఒక ప్రోగ్రామర్ అనుకుని ఒక్క లైను రాశాడు. దాన్నే వాలిడేషన్ అంటారు, మనం తనిఖీ అందాం. ఆ లైను రాసే వైపు ఇప్పుడు మన పిల్లలు కూడా కూర్చుంటున్నారు. జైపూర్, శ్రీరాంపూర్, మంచిర్యాల నుంచి గోదావరిఖని దాకా బీటెక్, డిగ్రీ కంప్యూటర్స్ చదివే పిల్లలు పైథాన్ నేర్చుకుంటున్నారు, ప్రాజెక్టు అనగానే జాంగో పట్టుకుంటున్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసం. వాళ్లతో ఒక రిజిస్టరో, లిస్టో తయారు చేయించుకునే పెద్దలకు కూడా పనికొస్తుంది, ఎందుకంటే ఏం అడగాలో తెలిస్తేనే సరైన పని చేయించుకోగలం.

పేరు గడి ఎంతదాకా వస్తుందో గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2022 నవంబర్‌లో ఎయిర్‌లైన్స్ వాళ్లు ట్రావెల్ ఏజెంట్లకు ఒక సర్క్యులర్ పంపారు. పాస్‌పోర్టులో ఒకే మాట పేరు ఉండి, సర్‌నేమ్ గానీ గివెన్ నేమ్ గానీ ఖాళీగా ఉంటే విజిట్, టూరిస్టు వీసాల మీద యూఏఈలోకి రానివ్వరని అందులో ఉంది. కొద్ది రోజులకే సడలింపు ఇచ్చారు. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే సరిపోతుందన్నారు. టికెట్ కొనుక్కుని కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ మధ్య రోజులు గడ్డురోజులే.

మన బొగ్గు బెల్టులో ఈ సమస్య కంప్యూటర్లు రాకముందే ఉంది. వెనకటి రోజుల్లో సింగరేణిలో ఇంకొకరి పేరు మీద చేరిన కార్మికులు, కంపెనీ కాగితాల్లో ఒక పేరు, సొంతూళ్లో మరో పేరు ఉన్న కార్మికులు ఉన్నారు. ‘మారుపేర్ల’ సమస్య అంటే ఇక్కడ చిన్న పిల్లాడికి కూడా తెలుసు. మనిషి దిగిపోయి కొడుక్కు డిపెండెంట్ ఉద్యోగం అడిగేదాకా ఆ తేడా బయటపడదు. బయటపడ్డాక ఫైలు కదలదు. యూనియన్లు ఏళ్ల తరబడి అడుగుతున్న డిమాండ్లలో ఇదొకటి. ఒక మనిషికి రెండు పేర్లు ఉండొచ్చు అనే సంగతిని ముందే ఒప్పుకుని, రెండో గడి పెట్టుకున్న రిజిస్టరు ఎంత విలువైనదో ఈ ప్రాంతంవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

న్యూస్ పేపర్ ఆఫీసులో పుట్టిన పనిముట్టు

జాంగో అనేది పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్. ఇది పుట్టింది ఏ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో కాదు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, లారెన్స్ అనే ఊళ్లో ‘లారెన్స్ జర్నల్ వరల్డ్’ అనే పత్రిక ఆఫీసులో 2003లో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. 2005 జులైలో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ వాద్యకారుడి పేరు పెట్టారు. పేరులో మొదటి అక్షరం ‘డి’ పలకదు.

పత్రిక ఆఫీసులో పుట్టింది కాబట్టే దీనికి ‘అడ్మిన్’ అనే సదుపాయం మొదటినుంచీ ఉంది. కోడ్ రాయడం రాని సబ్ ఎడిటర్ కూడా వార్తలు ఎక్కించాలి, దిద్దాలి, తీసేయాలి. ప్రతిసారీ ప్రోగ్రామర్‌ను పిలవలేం కదా. అందుకని మనం ఏయే గడులు కావాలో మోడల్ అనే చోట రాసి, అడ్మిన్‌లో నమోదు చేస్తే చాలు. లాగిన్ పేజీ, ఫామ్, సేవ్ బటన్ అన్నీ దానంతట అవే తయారవుతాయి.

అడ్మిన్ ఫామ్‌కూ మామూలు ఫామ్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. మామూలు ఫామ్‌ను తన వివరాలు తనే నింపుకునే మనిషి వాడతాడు. అడ్మిన్ ఫామ్‌ను వేరేవాళ్ల కాగితం ముందు పెట్టుకుని టైపు చేసే మనిషి వాడతాడు. ప్రజాపాలన దరఖాస్తులు గుర్తు చేసుకోండి. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా రాష్ట్రమంతా కాగితం మీద తీసుకున్నారు, కోటికి పైగా వచ్చాయి, వాటిని తర్వాత ఆపరేటర్లు కంప్యూటర్లో ఎక్కించారు. దరఖాస్తు ఇచ్చిన మనిషి అప్పుడు ఎదురుగా ఉండడు, అడిగి తెలుసుకునే వీలుండదు. అలాంటి చోట ఫామ్ ‘ఈ పేరు చెల్లదు’ అని మొండికేస్తే ఆపరేటర్ ఏం చేస్తాడు? పక్కన ఇంకా 200 కాగితాలున్నాయి. ఏది కొడితే ఫామ్ ఊరుకుంటుందో అది కొడతాడు. అంటే అతిగా కఠినమైన తనిఖీ తప్పును ఆపదు, కొత్త తప్పును పుట్టిస్తుంది. ఆ తప్పు చూడ్డానికి నిజంలా ఉంటుంది కాబట్టి దాన్ని తర్వాత పట్టుకోవడం కూడా కష్టం. అడ్మిన్‌లో తనిఖీలు రాసేవాళ్లు ముందుగా గుర్తుంచుకోవాల్సిన విషయం నా లెక్కలో ఇదే.

ఒక రిజిస్టరు తీసుకుందాం

జైపూర్ మండలంలో ఒక కాలనీ కమిటీ ఉందనుకుందాం. పెగడపల్లిలోని సింగరేణి థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాళ్లు, గనుల్లో పనిచేసేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు ఉండే కాలనీ. పిల్లల ఫీజులకు సాయం చేయడానికి జకాత్, చందాలు పోగు చేస్తున్నారు. ఇన్నాళ్లూ లాంగ్ నోట్‌బుక్‌లో రాశారు. ఇప్పుడు కాలనీలో బీటెక్ చదివే అబ్బాయిని ‘బేటా, దీన్ని కంప్యూటర్లో పెట్టు’ అన్నారు. కోడ్ రాసేది ఆ అబ్బాయి. రోజూ కూర్చుని టైపు చేసేది మాత్రం రిటైరైన ఒక చాచానో, డిగ్రీ చదివే ఒక అమ్మాయో. పిల్లల పేర్లు, తల్లిదండ్రులు, ఫోను, పుట్టిన తేదీ, తరగతి, బ్యాంకు వివరాలు, ఎంత ఇచ్చారు అన్నవి గడులు.

ముందు తనిఖీ ఎక్కడ రాయాలో తెలియాలి. మోడల్‌లో గడి పక్కనే వాలిడేటర్ అనే చిన్న ఫంక్షన్ తగిలించవచ్చు. ఇది ఒక్క గడిని చూస్తుంది, ఆ మోడల్‌తో తయారయ్యే ప్రతి ఫామ్‌లోనూ పనిచేస్తుంది. రెండోది, అడ్మిన్ కోసం మనదైన మోడల్‌ఫామ్ క్లాసు రాసి, అడ్మిన్ క్లాసులో ‘ఫామ్’ అనే పేరుకు దాన్ని అప్పగించడం. అందులో ‘క్లీన్’ అని రాసి, అండర్‌స్కోర్ పెట్టి, గడి పేరు కలిపి ఒక మెథడ్ రాస్తే జాంగో దాన్ని తనే వెతుక్కుని పిలుస్తుంది. తప్పుంటే ‘వాలిడేషన్ ఎర్రర్’ లేవదీయాలి, ఒప్పైతే విలువను తిరిగి ఇవ్వాలి. ఆ తిరిగి ఇచ్చే లైను మరిచిపోతే టైపు చేసిన విలువ మాయమై ఆ గడి ఖాళీ అయిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు గంటలు పోగొట్టుకునే చోటు ఇది. మూడోది గడి పేరు లేకుండా ఉత్తి ‘క్లీన్’ మెథడ్. రెండు మూడు గడులను కలిపి చూడాల్సినప్పుడు ఇది వాడాలి. ఇందులో విలువలను ‘గెట్’తో తీసుకోవాలి, ఎందుకంటే ముందే తప్పని తేలిన గడి ఆ డిక్షనరీలో ఉండదు, నేరుగా అడిగితే పేజీ మొత్తం కూలిపోతుంది.

ఇంకో చిన్న మాట. ‘బ్లాంక్’, ‘నల్’ అనే రెండింటిని పిల్లలు కలిపేస్తుంటారు. గడి ఖాళీగా వదలొచ్చా లేదా అని ఫామ్‌కు చెప్పేది బ్లాంక్. డేటాబేస్‌లో విలువే లేకుండా ఉండొచ్చా అన్నది నల్. తనిఖీకి సంబంధించింది బ్లాంక్ మాత్రమే. మనం ఏమీ రాయకపోతే ప్రతి గడీ తప్పనిసరి అయిపోతుంది. ఖాజాబీ నానమ్మను ఆపింది సరిగ్గా అలాంటి తప్పనిసరి గడే.

పేరు

పేరుకు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు వద్దు. ‘పూర్తి పేరు, ఆధార్‌లో ఉన్నట్టు’ అని ఒకటే గడి పెట్టండి. ‘మెమోలో వేరుగా ఉంటే’ అని రెండోది, ‘మారుపేరు లేదా పిలిచే పేరు’ అని మూడోది. ఈ రెండూ ఖాళీగా వదలొచ్చు. వెతికే పెట్టెలో మూడు గడులనూ కలిపితే, ఏ పేరుతో అడిగినా అదే పిల్లాడు దొరుకుతాడు. మహమ్మద్‌ను ఇంగ్లీషులో ఓ పెట్టి రాసేవాళ్లున్నారు, యు పెట్టి రాసేవాళ్లున్నారు, రెండక్షరాలతో సరిపెట్టేవాళ్లున్నారు. వీటిలో ఏది ‘సరైనది’ అని తేల్చే పని ఫామ్‌కు ఇవ్వకూడదు. ఏ కాగితంలో ఎలా ఉందో అలాగే దాచుకోవాలి.

ఇక అక్షరాల తనిఖీ. ‘అక్షరాలు మాత్రమే’ అని పైథాన్‌లో రాయడానికి ‘ఈజ్ ఆల్ఫా’ అనే సులువైన పద్ధతి ఉంది, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ ఉంది. రెండూ తెలుగుకు పనికిరావు. వాటి దృష్టిలో క, మ, ల అక్షరాలే గానీ గుడి, కొమ్ము, దీర్ఘం, పొల్లు అక్షరాలు కావు. అందుకే ‘కమల’ అనే పేరు దాటిపోతుంది, ‘జమీలా’ గుడి దీర్ఘం దగ్గర ఆగిపోతుంది, ‘అక్బర్’ పొల్లు దగ్గర ఆగిపోతాడు. ఉర్దూలో రాస్తే మామూలు హర్ఫులు దాటుతాయి, జబర్, జేర్ గుర్తులు పెడితే ఆగిపోతాయి. ఇంగ్లీషులో మాత్రమే టెస్టు చేసి వదిలేస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

నా సలహా ఏంటంటే, పేరులో ఏవి ఉండొచ్చో జాబితా రాయకండి. ఏవి ఉండకూడదో రాయండి. అంకెలు, యాట్ గుర్తు, కోణపు బ్రాకెట్లు లాంటివి. జాంగోలో రెజెక్స్ వాలిడేటర్‌కు ‘ఇన్వర్స్ మ్యాచ్’ అనే వీలుంది. అది ఆన్ చేస్తే, రాసిన నమూనా దొరికినప్పుడు తప్పు అంటుంది. చుక్క, ఖాళీ, చిన్న గీత, అపాస్ట్రఫీ అన్నింటినీ వదిలేయండి. పేరు ముందూ వెనకా ఉన్న ఖాళీలను ఫామ్ ఎలాగూ తనే తీసేస్తుంది. మధ్యలో రెండు మూడు ఖాళీలు పడితే ‘క్లీన్’ మెథడ్‌లో ఒకటిగా చేయండి. ఫోన్లో తెలుగు టైపు చేసేటప్పుడు కంటికి కనపడని విడదీసే గుర్తు ఒకటి పడుతుంటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు కంప్యూటర్‌కు వేర్వేరుగా కనపడేది దానివల్లే. పేర్లు పోల్చే ముందు దాన్ని తీసి పోల్చాలి, దాచేటప్పుడు మాత్రం అలాగే ఉంచొచ్చు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు లెండి. పాట్రిక్ మెకెంజీ అనే అమెరికన్ ప్రోగ్రామర్ జపాన్‌లో ఉన్న రోజుల్లో తన పేరు అక్కడి సిస్టంలలో ఇమడక, పేర్ల గురించి ప్రోగ్రామర్లు నమ్మే అబద్ధాలంటూ 2010లో ఒక పొడుగాటి జాబితా రాశాడు. మనుషులకు ఒకటే పేరు ఉంటుందనేది కూడా ఆ అబద్ధాల్లో ఒకటి.

తండ్రి పేరు తప్పనిసరా?

చాలా ఫామ్‌లలో తండ్రి పేరు తప్పనిసరి. ఫీజు సాయం రిజిస్టరులో అదే పెడితే, సాయం అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్లల దగ్గరే ఫామ్ ఆగుతుంది. తండ్రి లేని యతీమ్ పిల్లలు, తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలు, నానా దగ్గర ఉండి చదివే పిల్లలు ఉంటారు. చనిపోయిన తండ్రి పేరు రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు, కానీ అప్పుడు సంతకం ఎవరిది, ఫోన్ ఎత్తేదెవరు?

ఇక్కడే రెండు మూడు గడులు కలిపి చూసే ‘క్లీన్’ పనికొస్తుంది. తండ్రి, తల్లి, సంరక్షకుడు అని మూడు గడులూ ఖాళీగా వదిలే వీలుతో పెట్టండి. ‘క్లీన్’లో మూడూ ఖాళీగా ఉంటేనే ఆపండి. సంరక్షకుడి పేరు రాస్తే బంధుత్వం గడి కూడా నింపాలి అని రెండో తనిఖీ. ఆ తప్పును ‘యాడ్ ఎర్రర్’తో బంధుత్వం గడికే తగిలిస్తే ఎర్ర అక్షరాలు సరిగ్గా ఆ గడి దగ్గరే వస్తాయి. లేకపోతే పేజీ పైన ఎక్కడో వస్తాయి, చాచా కిందికీ పైకీ వెతుక్కుంటూ ఉంటాడు.

తేదీ, ఫోను, డబ్బు

అన్నింటికంటే ప్రమాదకరమైనది తేదీ, ఎందుకంటే ఇది తప్పైనా ఎర్ర అక్షరాలు రావు. జాంగో కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే భాష అమెరికన్ ఇంగ్లీషుగా ఉంటుంది. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు. మన ఆపరేటర్ 05/06/2010 అని జూన్ 5 అనుకుని కొడతాడు, జాంగో దాన్ని మే 6గా దాచుకుంటుంది. 25/06/2010 అని కొడితే మాత్రం 25వ నెల లేదు కాబట్టి తప్పంటుంది. అంటే నెలలో 12వ తేదీలోపు పుట్టిన పిల్లల తేదీలు దాదాపు అన్నీ చప్పుడు లేకుండా తారుమారవుతాయి, మిగతావాళ్లకే హెచ్చరిక వస్తుంది. దీనికి మందు, మన మోడల్‌ఫామ్‌లో తేదీ గడిని మళ్లీ రాసి ‘ఇన్‌పుట్ ఫార్మాట్స్’లో రోజు, నెల, సంవత్సరం వరుసను ఇవ్వడం. దాంతోపాటు సంవత్సరం-నెల-రోజు వరుసను కూడా జాబితాలో ఉంచాలి. అడ్మిన్ పేజీలో క్యాలెండర్ బొమ్మ నొక్కితే తేదీ ఆ వరుసలోనే పడుతుంది. అది తీసేస్తే క్యాలెండర్ వాడినవాళ్లకు తప్పు చూపిస్తుంది. అమెరికా వరుస మాత్రం జాబితాలో ఉండకూడదు.

తేదీకి ఇంకో తనిఖీ కూడా వేయొచ్చు. తరగతిని, వయసును కలిపి చూసి, టెన్త్ చదివే పిల్లాడికి 7 ఏళ్లు అని వస్తే అడగాలి. ఆపకూడదు, అడగాలి. ఎలాగో కింద చెప్తాను. ఇదే రిజిస్టరులో తర్వాత వృద్ధులకు సాయం కూడా కలపాలనుకుంటే పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉండే వీలు పెట్టండి. పెద్దవాళ్ల ఆధార్ కార్డుల మీద సంవత్సరం మాత్రమే ఉన్నవి చాలా చూస్తాం.

ఫోను నంబరుకు కఠినంగా ఉండొచ్చు. మన దేశంలో మొబైల్ నంబరు 10 అంకెలు, మొదటి అంకె 6 నుంచి 9 లోపు. అయితే రెజెక్స్ వాలిడేటర్ నమూనాను విలువ లోపల ఎక్కడైనా వెతుకుతుంది. నమూనాను మొదలు నుంచి చివరిదాకా కట్టేయకపోతే 13 అంకెలు కొట్టినా లోపల 10 దొరికాయని వదిలేస్తుంది. పైథాన్‌కు ‘బ్యాక్‌స్లాష్ డి’ అంటే తెలుగు అంకెలు, ఉర్దూ అంకెలు కూడా అంకెలే. కాబట్టి సున్నా నుంచి తొమ్మిది దాకా అని విడిగా రాయడం మేలు. ముందు +91 పెట్టినా, మధ్యలో ఖాళీ వదిలినా తప్పు పట్టకండి. క్లీన్ చేసి 10 అంకెలే మిగల్చండి, ఆ తర్వాత లెక్క చూడండి. మనిషి రాసే తీరును కోడ్ సర్దుకోవాలి.

ఫోను విషయంలో చాలామంది ‘యూనిక్’ అని పెడతారు, అంటే ఒక నంబరు ఒక్కసారే రావాలని. మన ఇళ్లల్లో నలుగురు పిల్లలకూ అబ్బా ఫోనే కదా! రెండో పిల్లాడి దగ్గరే ఫామ్ ఆగిపోతుంది, ఆపరేటర్ చివరి అంకె మార్చి కొడతాడు. నంబరు పోయింది, అనుమానం రాదు. యూనిక్ వద్దు.

బ్యాంకు వివరాల దగ్గర మాత్రం ఎంత కఠినంగా ఉన్నా తప్పు లేదు. నెఫ్ట్‌లో డబ్బు వెళ్లేది ఖాతా నంబరును బట్టి, పేరును బట్టి కాదు. ఒక్క అంకె తేడా వస్తే ఫీజు డబ్బు ఇంకెవరి ఖాతాలోనో పడుతుంది. ఖాతా నంబరును అంకెల గడిగా కాకుండా అక్షరాల గడిగా పెట్టండి, లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. దాన్ని రెండుసార్లు కొట్టించండి. రెండో గడి మోడల్‌లో ఉండక్కర్లేదు, ఫామ్‌లో ఉంటే చాలు. ‘క్లీన్’లో రెండూ సరిపోల్చాలి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ 11 స్థానాలు, మొదటి నాలుగు అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. ఆ సున్నా బదులు ఓ అక్షరం కొట్టడం అందరూ చేసే పనే. అక్కడ ఓ వస్తే సున్నాగా మార్చేయడానికి ఒక లైను చాలు, దానికోసం తప్పు చూపించి మనిషిని విసిగించక్కర్లేదు.

ఆధార్ నంబరు గురించి అడుగుతారు. దాని 12 అంకెల్లో చివరిది తనిఖీ అంకె. హాలండ్ గణిత శాస్త్రజ్ఞుడు జాకోబస్ వెర్హూఫ్ 1969లో ఇచ్చిన పద్ధతి అది. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టుకుంటుంది. కోడ్ రాయడం సరదాగా ఉంటుంది కూడా. కానీ కాలనీ రిజిస్టరులో పిల్లల పూర్తి ఆధార్ నంబర్లు దాచే అవసరం ఏముంది? లాప్‌టాప్ పోతే అందరి నంబర్లూ పోతాయి. గుర్తుపట్టడానికి చివరి 4 అంకెలు చాలు, తనిఖీ కూడా 4 అంకెలని చూడ్డమే.

ఆపేది, అడిగేది

పైన చెప్పిన ‘అడగడం’ జాంగోలో దానంతట అది రాదు. వాలిడేషన్‌కు తెలిసింది రెండే, ఒప్పు, తప్పు. అనుమానం అనే మాట దానికి లేదు. దాన్ని మనం కల్పించాలి. సులువైన దారి, అడ్మిన్ క్లాసులో ‘సేవ్ మోడల్’ మెథడ్‌ను మళ్లీ రాసి, రికార్డు దాచాక ‘మెసేజ్ యూజర్’తో పసుపు రంగు హెచ్చరిక చూపించడం. ‘ఈ ఫోను నంబరు మరో ముగ్గురు పిల్లల దగ్గర ఉంది, ఒకే ఇల్లేనా చూడండి’ లాంటివి దీనికి సరిపోతాయి.

ఇంకాస్త గట్టిగా కావాలంటే ఫామ్‌లో ‘కాగితం చూశాను, సరిగ్గానే ఉంది’ అని ఒక టిక్ పెట్టె కలపండి. వయసు, తరగతి పొంతన లేకపోతే మొదటిసారి ఆపుతుంది, టిక్ పెట్టి మళ్లీ సేవ్ కొడితే వదులుతుంది. ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్న పిల్లలు ఇద్దరు కనపడ్డా ఇదే పద్ధతి. కవలలకు పేర్లు వేరుగా ఉంటాయి గానీ, ఒకే కాలనీలో ఒకే పేరున్న ఇద్దరు పిల్లలు ఉండటం మనకు వింతేం కాదు. ఎవరు టిక్ పెట్టారో కూడా దాచుకుంటే తర్వాత లెక్క చూసేటప్పుడు పనికొస్తుంది.

ఆపినప్పుడు చెప్పే మాట కూడా చాలా ముఖ్యం. ‘ఇన్‌వాలిడ్ వాల్యూ’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ఫోను నంబరుకు 10 అంకెలు ఉండాలి, మీరు 9 కొట్టారు’ అంటే వెంటనే చూసుకుంటారు. పైథాన్ కోడ్‌లో ఆ వాక్యాన్ని తెలుగులోనే నేరుగా రాయొచ్చు. జాంగో తనవైపు నుంచి తెలుగు, ఉర్దూ రెండు భాషలనూ గుర్తిస్తుంది. ఉర్దూ ఎంచుకుంటే అడ్మిన్ పేజీ మొత్తం కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది. గడి కింద ‘హెల్ప్ టెక్స్ట్’ అని చిన్న వివరణ పెట్టే వీలుంది. ‘ఆధార్ కార్డు మీద ఎలా ఉందో అలాగే, చుక్కలతో సహా’ అని అక్కడ రాస్తే సగం తప్పులు రాకుండానే పోతాయి.

తనిఖీలు తప్పించుకునే దొడ్డిదారులు

ఇన్ని రాశాక కూడా తప్పుడు రికార్డులు లోపలికి వస్తే ఆశ్చర్యపోకండి. మొదటి దారి ఎక్సెల్. పాత నోట్‌బుక్‌ను ఎవరో ముందే ఎక్సెల్‌లో కొట్టి ఉంటారు, దాన్ని ఒక చిన్న స్క్రిప్టుతో ఎక్కించేస్తారు. మోడల్‌ను నేరుగా ‘సేవ్’ చేస్తే జాంగో వాలిడేటర్లను పిలవదు. ఫామ్ ద్వారా వచ్చినప్పుడే పిలుస్తుంది. చాలామంది ఇది నమ్మరు, పరీక్షించి చూడండి. స్క్రిప్టులో ప్రతి రికార్డుకూ సేవ్ చేసే ముందు ‘ఫుల్ క్లీన్’ పిలవాలి. ‘బల్క్ క్రియేట్’కు, ‘అప్‌డేట్’కు కూడా తనిఖీలు ఉండవు. ‘ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్’ అనే ప్యాకేజీ వాడితే, అందులో మోడల్ తనిఖీలు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. సెట్టింగ్‌లో ఆన్ చేసుకోవాలి.

రెండో దారి అడ్మిన్‌లోనే ఉంది. లిస్టు పేజీలోనే గడులు మార్చుకునేలా ‘లిస్ట్ ఎడిటబుల్’ పెడితే, ఆ పేజీ మనం రాసిన మోడల్‌ఫామ్‌ను వాడదు. మోడల్‌కు తగిలించిన వాలిడేటర్లు పనిచేస్తాయి, ఫామ్‌లో రాసినవి పనిచేయవు. అక్కడ కూడా కావాలంటే ‘గెట్ చేంజ్‌లిస్ట్ ఫామ్’ మెథడ్‌ను మళ్లీ రాయాలి. డబ్బుకు సంబంధించిన గడులను లిస్టు పేజీలో మార్చే వీలు అసలు ఇవ్వకపోవడమే మంచిది. ఇచ్చే మొత్తం సున్నా కంటే ఎక్కువ ఉండాలి లాంటి రూళ్లు మాత్రం డేటాబేస్‌లోనే ‘చెక్ కన్‌స్ట్రయింట్’గా పెట్టేయండి. దాన్ని దాటి ఏ స్క్రిప్టూ పోలేదు. జాంగో 4.1 నుంచి ‘ఫుల్ క్లీన్’ ఆ కన్‌స్ట్రయింట్లను కూడా చూస్తుంది, కాబట్టి ఫామ్‌లో పేజీ కూలకుండా మామూలు ఎర్ర అక్షరాలే వస్తాయి.

రిజిస్టరు కమిటీ చేతికి ఇచ్చే ముందు ఒక సాయంత్రం కూర్చుని టెస్టు చేయండి. ఒకే మాట పేరు ఒకటి, చుక్కలున్న పేరు ఒకటి, నాలుగు ముక్కల సయ్యద్‌ల పేరు ఒకటి, తెలుగు లిపిలో ఒకటి, ఉర్దూ లిపిలో ఒకటి. తండ్రి పేరు లేని పిల్లాడు, ఒకే ఫోన్ ఉన్న అక్కాతమ్ముళ్లు, 05/06 తేదీ, సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు. వీటిని టెస్ట్ ఫైల్‌లో కూడా రాసి పెట్టండి, రేపు ఇంకొకరు కోడ్ మార్చినా అవి నడుస్తూ ఉంటాయి. తర్వాత పాత నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ తీసుకుని, రోజూ టైపు చేయబోయే చాచాతోనే ఆ పేరు నుంచి ఈ పేరు దాకా కొట్టించండి. మీరు పక్కన కూర్చోండి, మౌస్ మాత్రం ముట్టుకోకండి. ఆయన ఎక్కడ ఆగి మీవైపు చూశాడో ఆ గడి పేరు కాగితం మీద రాసుకోండి.